పచ్చికలో క్లోవర్ వాటా: మిశ్రమ మేతకు సాక్ష్యం ఎంతవరకు?

గడ్డి, పప్పుజాతి మేత కలిపి పెంచితే యూరియా ఖర్చు తగ్గుతుందనీ, పాలు పెరుగుతాయనీ పాడి రైతులకు సలహా ఇచ్చేవాళ్లు తరచూ చెబుతుంటారు. ఆ మాట వెనక ఉన్న లెక్కల్లో చాలాభాగం చలి ప్రాంతాల పచ్చిక బయళ్ల నుంచి వచ్చినవి. ఇంగ్లండ్, ఐర్లండ్, స్విట్జర్లాండ్, న్యూజిలాండ్ దేశాల్లో ఆవులు, గొర్రెలు మేసే బీళ్లలో రైగ్రాస్ అనే గడ్డి, క్లోవర్ అనే మూడాకుల పప్పుజాతి మొక్క కలిసి పెరుగుతాయి. గడ్డికీ పప్పుజాతికీ మధ్య పొత్తు మీద అక్కడ నూటయాభై ఏళ్లకు పైగా ప్రయోగాలు జరుగుతున్నాయి. వాటిని వరసపెట్టి చదివితే నాకు తేలింది ఇది. సాక్ష్యం గట్టిదే. అయితే విత్తనాల సంచిలో ఏం కలిపామన్నదాని గురించి అది చెప్పేది తక్కువ. చేలో ఏ ఏడాది పప్పుజాతి వాటా ఎంత నిలిచిందన్నదాని గురించి చెప్పేదే ఎక్కువ. ఆ వాటా ఎంతో చెప్పని లాభాల లెక్క సగం లెక్కే.

మొదట పాత ప్రయోగం. లండన్‌కు ఉత్తరాన హార్పెండెన్‌లో రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ పార్క్ గ్రాస్ అని పిలిచే ఏడెకరాల పచ్చికలో 1856లో జాన్ బెనెట్ లాస్, జోసెఫ్ హెన్రీ గిల్బర్ట్ మడులు విడదీసి, ఒక్కో మడికి ఒక్కో రకం ఎరువు వేయడం మొదలుపెట్టారు. ఆ ప్రయోగం నేటికీ నడుస్తోంది. వాళ్లు కొత్త విత్తనమేదీ చల్లలేదు. ఉన్న పచ్చిక మీద ఎరువు మాత్రమే మార్చారు. కొద్ది ఏళ్లలోనే మడికీ మడికీ తేడా కంటికి కనబడింది. నత్రజని లేకుండా భాస్వరం, పొటాష్ వేసిన చోట ఎర్ర క్లోవర్ వంటి పప్పుజాతి మొక్కలు పుంజుకున్నాయి. అమ్మోనియం సల్ఫేట్ దండిగా వేసిన చోట గడ్డి ఏపుగా లేచి వాటిని అణచేసింది. సున్నం వేయకుండా దశాబ్దాల తరబడి అదే ఎరువు వేస్తూ పోయిన మడుల్లో నేల ఆమ్లగుణం బాగా పెరిగి, రెండు మూడు గడ్డి జాతులే మిగిలాయి. అసలు ఎరువే వేయని మడుల్లో నలభై దాకా జాతులు కనిపిస్తాయి.

పప్పుజాతి వాటాను నిర్ణయించేది విత్తనం ఒక్కటే కాదనీ, నేలలోని నత్రజని, భాస్వరం, పొటాష్, సున్నం కలిసి దాన్ని నిర్ణయిస్తాయనీ చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఆధారం నేను చూడలేదు. అయితే ఇది కోసి ఎండబెట్టే పచ్చిక. తొలి ఏళ్లలో తప్ప పశువులను మేపని నేల. మేపుకునే బీడుకు ఈ ఫలితాన్ని ఉన్నదున్నట్టు వర్తింపజేయడం తొందరపాటు.

ప్రయోగం మొదలైన నాటికి ఇలా ఎందుకు జరుగుతోందో ఎవరికీ తెలియదు. పప్పుజాతి మొక్కలు వేరు బుడిపెల సాయంతో గాలిలోని నత్రజనిని వాడుకుంటాయని హెర్మన్ హెల్‌రీగెల్, హెర్మన్ విల్‌ఫార్త్ జర్మనీలో 1886లో ప్రకటించారు. 1888లో డచ్ శాస్త్రవేత్త మార్టినస్ బైజరింక్ ఆ బుడిపెల్లోని బ్యాక్టీరియాను వేరుచేసి పెంచాడు. ఈ బుడిపెలను చూడటానికి క్లోవరే కానక్కర్లేదు. మన అలసంద మొక్కను పూతకు కాస్త ముందు, వేళ్లు తెగకుండా పారతో మట్టిగడ్డతో సహా పెకలించి, నీళ్లలో మన్ను కరగనివ్వాలి. వేళ్ల వెంట జొన్నగింజంతవి, అంతకంటే చిన్నవి బుడిపెలు కనిపిస్తాయి. ఒకదాన్ని గోటితో చీల్చితే లోపల ఎర్రగానో గులాబీ రంగులోనో ఉంటే అది పనిచేస్తున్నట్టు. మన రక్తంలోని హీమోగ్లోబిన్‌కు దగ్గరి పదార్థం ఒకటి అందులో ఉండి ఆ రంగునిస్తుంది. లోపల తెల్లగా, బూడిద రంగులో లేదా ఆకుపచ్చగా ఉంటే ఆ బుడిపె ఇంకా పని మొదలుపెట్టలేదు, లేదా దాని పని అయిపోయింది. పప్పుజాతి మొక్క చేలో ఉన్నంత మాత్రాన నత్రజని చేరుతున్నట్టు కాదు. ఈ చిన్న పరీక్ష ఏ రైతయినా చేసుకోవచ్చు.

క్లోవర్ పట్టిన నత్రజని పక్కనున్న గడ్డికి వెంటనే అందదు. వేళ్లు, బుడిపెలు, రాలిన ఆకులు కుళ్లాలి. లేదంటే పశువు మేసి పేడగా, మూత్రంగా నేలకు తిరిగివ్వాలి. మరో దారి కూడా ఉంది, దాన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. క్లోవర్ తన అవసరంలో ఎక్కువభాగం గాలి నుంచే తీర్చుకుంటుంది కనుక నేలలో ఉన్న నత్రజని గడ్డికి మిగులుతుంది. అంటే పొత్తులో లాభం కొంత ఇచ్చిపుచ్చుకోవడం వల్ల వస్తే, కొంత పోటీ తగ్గడం వల్ల వస్తుంది.

మిశ్రమం మేలా అని అడిగేటప్పుడు దేనితో పోల్చి అన్నది ముందు తేల్చుకోవాలి. సగటు ఏకజాతి మడి కంటే మేలైతే అది ఒక స్థాయి ఫలితం. అక్కడ పెరిగే జాతుల్లో అన్నింటికంటే బాగా దిగుబడినిచ్చేదాన్ని ఒంటరిగా వేస్తే వచ్చేదానికంటే కూడా మిశ్రమమే మేలైతే అది మరో స్థాయి. రైతుకు పనికొచ్చేది ఈ రెండోదే. ఎందుకంటే తన నేలలో ఏ గడ్డి బాగా వస్తుందో అతనికి ముందే తెలుసు, సగటు గడ్డిని ఎవరూ విత్తరు.

ఈ రెండు ప్రశ్నలనూ విడివిడిగా అడిగిన పెద్ద ప్రయోగం ఐరోపాలోనూ కెనడాలోనూ జరిగింది. 17 దేశాల్లో 31 చోట్ల ఒకే పథకం ప్రకారం నాలుగు జాతులు కలిపి వేశారు. త్వరగా నిలదొక్కుకునే గడ్డి ఒకటి, నెమ్మదిగా వచ్చినా ఏళ్ల తరబడి నిలిచే గడ్డి ఒకటి, అలాగే పప్పుజాతిలో రెండు. 2013లో వెలువడిన మూడేళ్ల ఫలితాల ప్రకారం, పోల్చి చూసిన సందర్భాల్లో 97 శాతానికి పైగా మిశ్రమం సగటు ఏకజాతి మడిని మించింది. మేటి ఏకజాతిని కూడా మించిపోయింది మాత్రం దాదాపు 60 శాతం చోట్ల. మిశ్రమ మడుల్లో కలుపు కూడా తక్కువగా ఉంది.

ఈ రెండు అంకెల్లో మొదటిదాన్ని చెప్పి ఊరుకుంటే వినేవాళ్లకు మిశ్రమం ఎక్కడైనా గెలుస్తుందనిపిస్తుంది. నాకు రెండోదే విలువైనది. పదింట ఆరు చోట్ల అత్యుత్తమమైన ఒంటరి పంటను దాటడం వ్యవసాయ ప్రయోగాల్లో చిన్న విషయం కాదు. అదే సమయంలో పదింట నాలుగు చోట్ల ఆ గెలుపు రుజువు కాలేదు. అదే ప్రయోగం మీద 2017లో వచ్చిన మరో విశ్లేషణ ఇంకో ముఖ్యమైన సంగతి బయటపెట్టింది. మూడేళ్లలో జాతుల వాటాలు భారీగా మారిపోయాయి. పప్పుజాతి వాటా చాలాచోట్ల ఏడాదికేడాది తగ్గుతూ వచ్చింది. సమపాళ్లలో విత్తిన మడి మూడో ఏటికి అదే మడిగా లేదు.

ఎరువు ఆదా గురించి ఎక్కువగా ఉటంకించే లెక్క స్విట్జర్లాండ్‌ది. జ్యూరిక్ దగ్గర రెకెన్‌హోల్జ్‌లో గడ్డి, క్లోవర్ మడులను వేర్వేరు పాళ్లలో, వేర్వేరు నత్రజని మోతాదుల్లో పెంచి 2009లో ఫలితం ప్రకటించారు. క్లోవర్ వాటా 50 నుంచి 70 శాతం ఉన్న మిశ్రమానికి ఏడాదికి హెక్టారుకు 50 కిలోల నత్రజని వేస్తే, 450 కిలోలు వేసిన ఒంటరి గడ్డితో సమానమైన మేత వచ్చింది. మన లెక్కలో చెప్పాలంటే ఎకరాకు 45 కిలోల యూరియా బస్తా ఒకటి వేసిన చేను, దాదాపు తొమ్మిది బస్తాలు వేసిన చేనుతో సమానంగా నిలిచింది.

ఈ అంకె చూసి ఆశ పుట్టడం సహజం. దాన్ని చదవాల్సిన తీరు వేరు. మొదటిది, అవి కోసి తూచిన చిన్న మడులు. పశువు తొక్కిన బీళ్లు కావు. రెండోది, 50 నుంచి 70 శాతం అన్నది మామూలు రైతు బీడులో అంత తేలిగ్గా నిలిచే వాటా కాదు. ఇదే బృందం 2011లో ప్రచురించిన పనిలో, మిశ్రమంలో పప్పుజాతి 40 నుంచి 60 శాతం ఉన్నప్పుడు గాలి నుంచి పట్టే నత్రజని గరిష్ఠ స్థాయికి చేరిందని తేలింది. అంతకంటే పెంచితే లాభం పెరగలేదు. గడ్డి పక్కన ఉండి నేలలోని నత్రజనిని లాగేసుకుంటేనే క్లోవర్ గాలి వైపు చూస్తుంది. క్లోవర్ మరీ ఎక్కువై గడ్డి పలచబడితే మిగిలిన నత్రజని వాననీటితో కిందికి ఇంకిపోయే ప్రమాదం కూడా ఉంది. అందుకే పప్పుజాతి ఎంత ఎక్కువైతే అంత మంచిదన్న మాటను ఈ సాక్ష్యం బలపరచదు.

ఇప్పుడు ఆ వాటా ఎందుకు నిలవదో చూద్దాం. ఈ మొత్తం వ్యవహారంలో కష్టమైన భాగం ఇదే. తెల్ల క్లోవర్ గింజ చాలా చిన్నది, వెయ్యి గింజలు కలిపి గ్రాము కూడా తూగవు. మట్టిలో సెంటీమీటరు కంటే లోతుకు పోతే మొలక పైకి రాలేదు. మొలిచాక మొదట ఒక తల్లివేరు దిగుతుంది. ఏడాది, ఏడాదిన్నరలో ఆ తల్లివేరు చచ్చిపోతుంది. ఆ తర్వాత మొక్క బతుకంతా నేల మీద పాకే కాడల మీదే. కాడ కణుపుల దగ్గర కొత్త వేళ్లు దిగుతాయి, కొత్త ఆకులు లేస్తాయి. ఆ కాడకు వెలుతురు అందాలి. పైన గడ్డి గుబురుగా ఎదిగి నీడ కమ్మితే కొత్త కొమ్మలు రావు. అందుకే క్లోవర్ బీళ్లను నాలుగు సెంటీమీటర్ల దాకా దగ్గరగా మేపి, మళ్లీ గడ్డి మరీ ముదరకముందే పశువులను తోలమంటారు. చలి కూడా దానికి అడ్డమే. రైగ్రాస్ ఐదారు డిగ్రీల నేల వేడికే ఎదగడం మొదలుపెడితే, క్లోవర్‌కు ఎనిమిది డిగ్రీలు కావాలి. వసంతంలో గడ్డి ముందు లేచి కూర్చుంటుంది. ఆ సమయంలో నత్రజని ఎరువు వేస్తే అది గడ్డికే బలం.

దీనికి తోడు ఈ పొత్తు తనంతట తానే ఊగిసలాడుతుంది. క్లోవర్ పెరిగితే నేలలో నత్రజని చేరుతుంది. చేరిన నత్రజనితో గడ్డి పుంజుకుని క్లోవర్‌ను అణచేస్తుంది. క్లోవర్ తగ్గితే నత్రజని కరువై గడ్డి నీరసిస్తుంది, మళ్లీ క్లోవర్‌కు చోటు దొరుకుతుంది. ఈ చక్రం తిరగడానికి ఏళ్లు పడుతుంది. ఒకే బీడులో ఒక మూల క్లోవర్ దట్టంగా, ఇంకో మూల అసలే లేకుండా కనబడటం ఇందులో భాగమే. ఒక్క ఏడాది చూసి ఈ మిశ్రమం విఫలమైందనో గెలిచిందనో తేల్చడం ఎందుకు సరికాదో దీన్నిబట్టి తెలుస్తుంది.

బయటి దెబ్బలు వేరే. న్యూజిలాండ్‌లో 1996లో వైకాటో ప్రాంతంలో క్లోవర్ వేరు ముక్కుపురుగు బయటపడింది. దాని పిల్లపురుగులు తినేది వేరు బుడిపెలను. అంటే నేరుగా నత్రజని తయారయ్యే చోటునే. ఎరువు బదులు క్లోవర్‌ను నమ్ముకున్న దేశానికి ఇది ఎంత పెద్ద దెబ్బో ఊహించవచ్చు. 2006లో ఐర్లండ్ నుంచి తెచ్చిన పరాన్నజీవి కందిరీగను వదిలి ఆ పురుగును అదుపు చేసే ప్రయత్నం మొదలుపెట్టారు.

పాల విషయంలో ఆధారం కాస్త మెరుగ్గా ఉంది. ఐర్లండ్ పరిశోధకులు అప్పటిదాకా వెలువడిన ప్రయోగాలను ఒకచోట చేర్చి 2018లో విశ్లేషించారు. పచ్చికలో సగటున 31.6 శాతం తెల్ల క్లోవర్ ఉన్నప్పుడు, ఒంటరి రైగ్రాస్ మీద మేసిన ఆవుల కంటే ఒక్కో ఆవు రోజుకు 1.4 కిలోల పాలు ఎక్కువ ఇచ్చింది. క్లోవర్ ముదిరినా గడ్డంత త్వరగా పీచుగా మారదు, పొట్టలో త్వరగా నలుగుతుంది, పశువు ఎక్కువ తింటుంది. కారణం ఇదని ఎక్కువమంది అంగీకరిస్తారు. కానీ అదే విశ్లేషణలోని క్లోవర్ పచ్చికల్లో సగటున హెక్టారుకు 81 కిలోల నత్రజని తగ్గించడంతో పాటు, మేపిన ఆవుల సంఖ్యనూ హెక్టారుకు పావు ఆవు మేర తగ్గించారు. కనుక ఆవుకు పెరిగిన పాలను ఎకరాకు పెరిగిన పాలుగా చదివితే తప్పు.

పశువుల ఇష్టం కూడా చూడదగ్గది. క్లోవర్ మడి, రైగ్రాస్ మడి పక్కపక్కనే పెట్టి స్వేచ్ఛగా వదిలితే ఆవులూ గొర్రెలూ దాదాపు 70 శాతం క్లోవర్ తిని, మిగతాది గడ్డితో నింపుకున్నాయని ఇంగ్లండ్‌లో జరిగిన పనిలో తేలింది. పొద్దున క్లోవర్ వైపు మొగ్గు ఎక్కువ, సాయంత్రమయ్యేకొద్దీ గడ్డి వైపు. క్లోవర్ అంత ఇష్టమైతే పూర్తిగా అదే ఎందుకు తినవు అన్నదానికి పలు వివరణలు ఉన్నాయి కానీ ఏదీ చివరి మాట కాదు.

అపాయాన్ని దాటవేయకూడదు. ఆకలితో ఉన్న ఆవును లేత క్లోవర్ దట్టంగా ఉన్న బీట్లోకి వదిలితే కడుపుబ్బరం వస్తుంది. మేతలోని కరిగే మాంసకృత్తులు పొట్టలో గట్టి నురగ కడతాయి, గాలి ఆ నురగలో చిక్కుకుని త్రేన్పుగా బయటికి రాదు, ఎడమ డొక్క ఉబ్బి ఊపిరాడక పశువు గంటల్లో చనిపోవచ్చు. లూసర్న్ వేసే మన రైతులకు ఇది తెలియని బాధేమీ కాదు. ముందు కాస్త ఎండుగడ్డి వేసి, తర్వాత తోలడం పాత జాగ్రత్త. ఎర్ర క్లోవర్‌లోనూ భూగర్భ క్లోవర్‌లోనూ ఆడ హార్మోను లక్షణాలున్న పదార్థాలు ఉంటాయి. 1940లలో పశ్చిమ ఆస్ట్రేలియాలో అలాంటి క్లోవర్ మేసిన గొర్రెలు కట్టకుండా పోవడంతో ఈ సంగతి బయటపడింది. తర్వాత ఆ పదార్థం తక్కువగా ఉండే రకాలు తెచ్చారు.

వాటా గురించి ఇంత చెప్పాక దాన్ని కొలవడం ఎలాగో చెప్పకపోతే అన్యాయం. కంటి అంచనాను నమ్మడానికి లేదు. క్లోవర్ ఆకులు బల్లపరుపుగా పరుచుకుంటాయి, గడ్డి నిలువుగా లేస్తుంది. పైనుంచి చూస్తే సగం క్లోవరే అనిపించే చోట ఎండు బరువులో అది చాలా తక్కువ తేలవచ్చు. పైగా క్లోవర్‌లో నీరు ఎక్కువ. సరైన పద్ధతి పాతదే. అర మీటరు చదరపు చట్రాన్ని బీడులో నాలుగైదు చోట్ల, ముందుగా అనుకున్న దూరాల్లో పెట్టాలి. బాగున్న చోటు ఏరుకోకూడదు. చట్రంలోని మేతను నేలకు నాలుగు సెంటీమీటర్ల ఎత్తున కోసి, గడ్డి, పప్పుజాతి, కలుపు మూడు కుప్పలుగా ఏరి, విడివిడిగా బాగా ఎండబెట్టి తూచాలి. పప్పుజాతి ఎండు బరువును మొత్తంతో భాగిస్తే వాటా వస్తుంది. ఇది ఒకసారి చేసే పని కాదు, కాలానికొకసారి చేయాలి. ఎందుకంటే చలిదేశాల్లో వసంతంలో కనిష్ఠంగా ఉన్న వాటా వేసవి చివరికి గరిష్ఠానికి చేరుతుంది.

మన దేశానికి ఈ కుటుంబం నుంచి వచ్చిన ముఖ్యమైన మేత బర్సీమ్, అంటే ఈజిప్టు క్లోవర్. 1904లో అది ఈజిప్టు నుంచి సింధ్‌లోని మీర్‌పూర్‌ఖాస్‌కు వచ్చింది. నేడు పంజాబ్, హర్యానా, పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లలో చలికాలం పచ్చిమేతకు అదే ఆధారం. మొదటి కోతలో దాని దిగుబడి తక్కువ. అందుకే ఆవాలో ఓట్సో కలిపి చల్లుతారు. ఇక్కడ పొత్తు ఉద్దేశం నత్రజని కంటే మొదటి కోత లోటు పూడ్చడం. విత్తనంలో కాస్నీ అనే కలుపు గింజలు కలిసి వస్తాయి కనుక రైతులు దాన్ని ఉప్పునీళ్లలో పోస్తారు. కాస్నీ తేలుతుంది, బర్సీమ్ మునుగుతుంది. తేలినవి తీసేసి మిగిలిన గింజలను మంచినీటితో కడిగి విత్తుతారు. కొత్త పొలమైతే తగిన బ్యాక్టీరియా కల్చర్ పట్టించకపోతే బుడిపెలు రావు.

తెలుగు నేల మీద తెల్ల క్లోవర్, రైగ్రాస్ జంటకు చోటు లేదు. మన ఎండలు వాటికి పడవు. కానీ గడ్డి, పప్పుజాతి పొత్తు ఇక్కడ కొత్తదేమీ కాదు. రెండు మూడు సాళ్ల మేతజొన్నకు ఒక సాలు అలసంద వేయడం, డెల్టాలో వరి కోతకు ముందే నిలిచిన చేలో పిల్లిపెసర చల్లడం రైతులకు తెలిసిన పద్ధతులే. మెట్ట ప్రాంతాల్లో అంజన్ గడ్డితో పాటు స్టైలో అనే పప్పుజాతి మేత వేయమని సలహా ఉంది. అనంతపురం జిల్లా రైతులు స్టైలో విత్తనం పండించి అమ్ముతూ వచ్చారు కూడా.

వీటికి ఐరోపా అంకెలను అతికించడం సరికాదని నా గట్టి అభిప్రాయం. జొన్నా అలసందా ఒక్క కాలం పంట. కోసి తీసుకెళ్లిపోతాం. అలసంద పట్టిన నత్రజనిలో ఎక్కువభాగం మేతతోనే చేను దాటుతుంది, ఆ కాలంలోనే జొన్నకు అందేది తక్కువ. అక్కడ లాభం వెతకాల్సింది యూరియా ఆదాలో కంటే మేతలోని మాంసకృత్తుల్లో. మరో సంగతి, కోసి పాకలో వేసే పద్ధతిలో పేడ అదే చేనుకు తిరిగి చేరకపోతే భాస్వరం, పొటాష్ ఏటా తరిగిపోతాయి. పార్క్ గ్రాస్ మడులు చూపినట్టు, అవి తరిగితే ముందు నష్టపోయేది పప్పుజాతే. నత్రజని ఆదా చేశామన్న సంతోషంలో పొటాష్ మరిచిపోవడం ఖరీదైన పొరపాటు అవుతుంది.

స్టైలో సంగతి వేరు. అది బహువార్షికంగానూ, రాలిన గింజతో తిరిగి మొలిచీ నిలుస్తుంది కనుక క్లోవర్‌కు దగ్గరి పోలిక దానితోనే కుదురుతుంది. దానికి తన సొంత శత్రువు ఉంది. ఆంత్రాక్నోస్ తెగులు ఆస్ట్రేలియాలో స్టైలో రకాలను తుడిచిపెట్టినంత పని చేసింది. గట్టి తొక్క ఉన్న గింజను వేడినీళ్లలో కాసేపు ఉంచకపోతే మొలక సరిగా రాదు. బంచరాయి, పోరంబోకు బీళ్లలో వేస్తే అందరి గొర్రెలూ అక్కడికే చేరతాయి. గింజ రాలేదాకా కాపలా లేకపోతే మరుసటి ఏడు మొలిచేదేమీ ఉండదు.

కాబట్టి అంజన్, స్టైలో బీడు మీద ఎవరైనా ప్రయోగం పెడితే వాళ్లను అడగాల్సినవి ఇవి. పక్కన ఒంటరి అంజన్ మడి, ఒంటరి స్టైలో మడి కూడా ఉన్నాయా? స్టైలో వాటా మొదటి ఏడాదే కాక, కరువు వచ్చిన ఏటి తర్వాత కూడా తూచి చూశారా? మేపిన బీడా, కంచె వేసి కోసిన బీడా? నేలకు భాస్వరం, పొటాష్ ఎంత వేశారు? పాలో, గొర్రెల బరువో పెరిగిందని చెబితే అది పశువుకా, ఎకరాకా? ఈ ప్రశ్నలకు జవాబులున్న ప్రయోగం ఒకే మండలంలో జరిగినా, మూడు నాలుగు వర్షాకాలాలు సాగినా, ఆ చుట్టుపక్కల రైతుకు స్విట్జర్లాండ్ అంకెకంటే అదే ఎక్కువ నమ్మదగ్గది.